ముప్పై ఏడో దుప్పటి

ఆ ఆసుపత్రి లాండ్రీలో పీటక్క అంటే తెలియని మనిషి లేడు. పొట్టి మనిషి. దుప్పటి మడవడానికి రెండు చేతులూ నెత్తి మీదికి ఎత్తినా కింది అంచు నేలకి రాసుకునేది. నేలకి తగిలిన దుప్పటి మళ్లీ ఉతుకులోకి పోవాల్సిందే, అక్కడి నియమం అది. చేరిన మొదటి వారంలో ఆమె చేతిలోంచి ఎన్ని దుప్పట్లు వెనక్కి వెళ్లాయంటే, ఉతికేవాళ్లు పని ఆపి వచ్చి "ఈవిడకీ మాకూ పాత పగలేమైనా ఉందా" అని అడిగారు. అప్పుడు వడ్రంగి చేత జానెడు ఎత్తున ఒక పీట చేయించుకుని దాని మీద నిలబడింది. ఆ రోజు నుంచి పీటక్క. కన్నవాళ్లు పెట్టిన పేరు హాజరు కాగితంలో తప్ప ఇంకెక్కడా మిగలలేదు.

ఆమెకి ఎదురుగా దుప్పటి రెండో కొస పట్టుకునే మనిషి నిచ్చెన. ఆ పేరెందుకు వచ్చిందో చెప్పక్కర్లేదు, గదిలో బల్బు మాడిపోతే కుర్చీ ఎక్కకుండా మార్చేసేది. ఇద్దరికీ చుట్టరికం ఏమీ లేదు. కానీ మొదటి రోజే నిచ్చెన ఆమెని పైనుంచి కిందిదాకా చూసి, అదెంతో దూరం లేదు గనక చప్పున చూడ్డం అయిపోయి, "మా ఆయనకి అక్కచెల్లెళ్లు లేరు. దెప్పుకోడానికి నాకో మరదలు కావాలి. నువ్వు సరిపోతావు" అంది.

"మరదలన్నాక ఊరికే పడుంటుందా వదినా, ఎదురు దెప్పదూ?" అంది పీటక్క.

అలా కుదిరిన వరస పందొమ్మిదేళ్లు చెడకుండా నడిచింది.

దుప్పటి మడత చూసేవాళ్లకి తేలిక. ఇద్దరూ చెరో రెండు మూలలు పట్టుకుంటారు. ఒక్క దులుపు దులిపి, పొడవునా సగానికి మడిచి, ముడతలు పోయేలా చెరోవైపుకీ గట్టిగా లాగుతారు. మళ్లీ సగానికి మడుస్తారు. అప్పుడు ఒకరు రెండోవాళ్ల దగ్గరికి నడిచి వెళ్లి, తన చేతిలో మూలలు వాళ్ల చేతికిచ్చి, వంగి, కింద వేలాడే మడత అందుకుని లేవాలి. పీటక్క పీట దిగితే మళ్లీ ఎక్కాలి కదా, అందుకని నడిచేది ఎప్పుడూ నిచ్చెనే. ఆ చేతులు కలిసే క్షణంలోనే వాళ్ల కబుర్లన్నీ. మిగతా సేపంతా ఒకవైపు డ్రమ్ముల మోత, ఇంకోవైపు ఇస్త్రీ రోలర్ల బుస, దుప్పటంత దూరాన గొంతు చించుకున్నా వినపడదు. అందుకే దుప్పటికొక మాట.

నిచ్చెన తన పెళ్లిచూపుల కథ చెప్పడానికి మూడు రోజులు పట్టింది. "పెళ్లికొడుకు లోపలికి వస్తున్నాడు" అని చెప్పి వెనక్కి వెళ్లిపోయింది. తర్వాత దుప్పటికి వచ్చి, "తల గుమ్మానికి కొట్టుకున్నాడు" అంది. ఆ పై దుప్పటికి, "గుమ్మం చిన్నదేం కాదు." ఆ పై దుప్పటికి, "వెనక్కి చూస్తూ వచ్చాడు, చెప్పులు ఎవరైనా ఎత్తుకుపోతారని." మధ్యలో పీటక్క ఆగలేక "పెళ్లికి ఒప్పుకున్నావా లేదా" అని అడిగితే, "తర్వాత దుప్పటికి చెప్తా" అనేది. ఆ మాట ఒకటి నిచ్చెనకి ఊతపదం. పీటక్క కూతురి కాన్పు, నిచ్చెన అత్తగారి మంకుతనం, ఇద్దరి మొగుళ్ల గురకలు, అన్నీ అలా ముక్కలు ముక్కలుగా దుప్పట్ల మడతల్లోకి వెళ్లిపోయాయి. దుప్పట్లు యాభై కాగానే పీటక్క "కట్టేయ్" అనేది. నిచ్చెన టేపుతో కట్ట కట్టేసేది. మళ్లీ మొదలు.

పదినెలల కిందట బండి తోసే మనిషి రాని రోజున, తొట్టెలోంచి తడి మూట తనే ఎత్తబోయింది పీటక్క. నడుం దగ్గర పటుక్కుమంది. అంతే, మంచం. మొదటి రెండు నెలలు పక్కకి తిరగాలన్నా మొగుణ్ణి పిలవాల్సి వచ్చింది. ఆయన వీధి చివర చిన్న కొట్లో తాళాలు బాగుచేసి, తాళంచెవులు కోసిచ్చే మనిషి. జబ్బు భత్యం వచ్చింది గనక ఇల్లు గడిచింది. నిచ్చెన కూడా ప్రతి ఆదివారం వచ్చేది. ఐదో నెలలో ఆవిడ అత్తగారు పక్షవాతంతో మంచాన పడ్డాక ఆ రాక తగ్గింది, ఆపైన ఆగిపోయింది.

పదినెలలయ్యాక డాక్టరు కొద్దికొద్దిగా పనిలోకి వెళ్లొచ్చన్నాడు. భత్యం ఆఫీసులో కళ్లద్దాలకి గొలుసు వేసుకున్న ఒకావిడ కూర్చోబెట్టి ఓపిగ్గా చెప్పింది.

"రోజుకి మూడు గంటలమ్మా. ఎనిమిది నుంచి పదకొండు. కూర్చుని చేసే పని మాత్రమే, ఎత్తకూడదు, లాగకూడదు. ఇలా మూడు నెలలు. ఈ మూడు నెలలూ మీ భత్యం ఆగదు. మూడు గంటలు దాటినా, వద్దన్న పని చేసినా ఆగుతుంది." తర్వాత మిగతా కాగితాలతో పాటు ఒక పచ్చ కాగితం కూడా ఇచ్చింది. "ఇది నయమైన కాగితం. పూర్తిగా నయమైంది, మామూలు పనికి వెళ్తాను అని మీరు సంతకం పెట్టి, మీ సూపర్‌వైజరు సంతకం పెట్టిస్తే భత్యం అక్కడితో ఆగుతుంది. ఆ తర్వాత మళ్లీ నడుం పట్టేసినా ఆరు నెలల దాకా మీరు ఇక్కడికి రావడానికి లేదు. తొందరపడి దీన్ని ముట్టుకోకండి."

"నేనెందుకు ముట్టుకుంటానమ్మా, నా నడుం నాకు తెలీదా" అంది పీటక్క. ఆ రోజు నిజంగానే అలా అనుకుంది.

*

లాండ్రీలో షిఫ్టు ఏడింటికి మొదలవుతుంది. ఎనిమిదింటికి పీటక్క లోపల అడుగుపెట్టేసరికి అందరూ పనిలో ఉన్నారు. సూపర్‌వైజరు ఎదురొచ్చాడు. మాటకి ముందూ మాటకి వెనకా చేతి గడియారం చూసుకుంటాడని ఆయన్ని గడియారం అంటారు, ఎదుట మాత్రం సార్ అంటారు. "రండి రండి" అని ఆమెని కిటికీ పక్కన వీపు ఆనే కుర్చీలో కూర్చోబెట్టి, ముందు దిండు గలీబుల గుట్ట పెట్టించాడు. చిరిగినవి ఏరాలి, ఊడిన టేపులు కుట్టాలి. 

పీటక్క గలీబు చేతిలోకి తీసుకుని తల ఎత్తి చూసింది. ఎదురుగా, గదికి ఆ చివర, నిచ్చెన. నిచ్చెనకి ఎదురుగా ఇంకో నిచ్చెన.

కొత్తావిడకి ముప్పై ఐదేళ్లుంటాయి. బడిలో చదివేప్పుడు వాలీబాల్ ఆడేదట, అందుకని వాలీబాలు అని పేరు పెట్టేశారు. తాత్కాలికంగా తీసుకున్నారు, పీటక్క నయమై వచ్చేదాకా. ఇద్దరూ సమానమైన ఎత్తు. దుప్పటి ఇద్దరి మధ్యా బల్ల పరిచినట్టు నిలబడుతోంది. వాళ్లు ఒకరి దగ్గరికి ఒకరు నడవడం లేదు. వాలీబాలు మణికట్టు ఒక్క విసురు విసిరితే దుప్పటి గాలిలోనే సగానికి ముడుచుకుని నిచ్చెన చేతిలో వాలుతోంది. వంగడం లేదు, లేవడం లేదు. పీటక్క ఇన్నేళ్లలో అలాంటి మడత చూడలేదు. చూసినందుకు సంతోషించనూ లేదు.

నిచ్చెన ఆమెని చూసింది. గడ్డం ఎత్తి ఒక పలకరింపు పలకరించి మళ్లీ దుప్పటిలో పడింది. అంతే. ఇన్ని నెలల తర్వాత కనపడితే గడ్డంతో పలకరింపు.

దాన్నైనా దిగమింగుకునేది. కానీ ఇంకోటి కనపడింది. నిచ్చెన పెదాలు కదులుతున్నాయి. ఒకసారి కాదు, ఆగకుండా. దుప్పటి దులిపినప్పుడూ కదులుతున్నాయి, లాగినప్పుడూ కదులుతున్నాయి. మోతలో మాట వినపడదు, పెదాలే కనపడతాయి. వాలీబాలు అప్పుడప్పుడు తల ఊపుతోంది.

'నాతో దుప్పటికొక మాట. దీంతో దుప్పటి పొడుగునా మాటలే' అనుకుంది. సూది వేలికి దిగింది.

వారం రోజులు అలాగే చూసింది. రోజుకో కొత్త గాయం. ఒకరోజు తన పీట కనపడింది. గోడవార పెట్టుంది, దాని మీద వాలీబాలు సంచీ. ఇంకోరోజు టేపుల చుట్ట తెచ్చుకోడానికి లేచి వెళ్తుంటే మోత తగ్గిన క్షణంలో వాలీబాలు గొంతు చెవిన పడింది, "వదినా, టేపు ఇటివ్వు."

వదినా అట. దారిన పోయే మనిషికి కూడా వదినయిపోయింది కాబోలు. ఆ పిలుపు కోసం పీటక్క పందొమ్మిదేళ్ల కిందట ఎదురు దెప్పుతానని ఒప్పందం రాసుకున్నంత పని చేసింది. ఇది వచ్చి సంచీ పెట్టినంత సులువుగా పెట్టేసుకుంది.

అడుగుదామంటే వీలు చిక్కదు. ఆమె వచ్చేసరికి వాళ్లు పనిలో ఉంటారు. టీ తాగడానికి ఆపేది పదకొండుంపావుకి. పదకొండు కొట్టగానే గడియారం వచ్చి నిలబడతాడు. "అమ్మా, పదకొండు."

"ఒక్క పావుగంట కూర్చుంటా బాబూ, టీ తాగి వెళ్తా."

"మీ భత్యానికి నేను అడ్డుపడనమ్మా. మీరు గేటు దాటారని టైం రాయాలి నేను."

ఆయన తప్పేం లేదు. ఆ పావుగంటే ఆమె ప్రాణం తోడేసింది.

ఇంట్లో తాళాలాయన రోజూ నడుముకి మందు రాస్తూ ఇదంతా వినేవాడు. వారం గడిచేసరికి ఆయనకి కూడా లెక్కలు వచ్చేశాయి.

"ఇవాళ ఎన్నిసార్లు నవ్వింది?"

"రెండుసార్లు."

"నిన్న మూడన్నావు. గుణం కనపడుతోంది."

"నీకు వేళాకోళంగా ఉంది. ఒకసారి దుప్పటి జారిపోతే ఇద్దరూ కలిసి నవ్వారు. నాతో జారినప్పుడు తిట్టేది."

"తిట్టేది కదా, మరి పోయిందని బాధెందుకు?"

"ఆ తిట్లు నావి" అంది పీటక్క.

ఆయన మందు డబ్బా పక్కన పెట్టాడు. "పదినెలల నుంచి నీ నడుం రుద్దుతున్నా. పక్కింటావిడ వచ్చి నాతో గంటసేపు మాట్లాడి వెళ్లింది. ఒక్కసారైనా నా మీద ఇంత కుళ్లుకున్నావా?"

"ఆవిడ తాళం చెడిపోయిందని వచ్చింది."

"అయినా సరే. మర్యాదకైనా కాస్త కుళ్లుకోవాల్సింది."

ఆమెకి నవ్వు రాలేదు. నడుం ఇంకా పూర్తిగా కుదురుకోలేదని ఆయన వేళ్లకి తెలుసు. కుడివైపు నొక్కినప్పుడు ఆమె ఊపిరి బిగబట్టడం తెలుసు. "నొప్పుందా?" అంటే "లేదు" అనేది. ఇంతకు ముందు ఉన్నదానికి రెట్టింపు చెప్పేది. ఇప్పుడు ఉన్నది కూడా లేదంటోంది.

*

ఆరో వారంలో గడియారం ఆమె గుట్ట దగ్గరికి వచ్చి, గలీబులు అటూ ఇటూ తిప్పి చూసి మెచ్చుకున్నాడు. మంచి మనసుతోనే అన్నాడు పాపం.

"బాగా కుదురుకున్నారమ్మా ఇక్కడ. నయమయ్యాక కూడా మిమ్మల్ని ఈ కుర్చీలోనే ఉంచేద్దాం అనుకుంటున్నా. ఆ జోడీ బాగా కుదిరింది, దాన్నెందుకు విడగొట్టడం. ఆవిణ్ణి పర్మనెంటు చేయమని పైకి రాస్తా."

పీటక్క తల ఊపింది. గలీబు మడత పెట్టింది. ఆ మడత వంకరగా వచ్చింది.

ఆ మధ్యాహ్నం తాళాలాయన కొట్లో ఉండగా డబ్బాలోంచి పచ్చ కాగితం తీసింది. కింద గీత ఉన్నచోట తన పేరు రాసింది. చాలాకాలమైంది పేరు రాసి, ఒక అక్షరం పక్కనున్న దాని మీద ఎక్కింది. కాగితం నాలుగు మడతలు పెట్టి సంచీలో దాచింది. సూపర్‌వైజరు సంతకం ఒక్కటే మిగిలింది. 'జోడీ కుదిరిందా. రేపు చూపిస్తా, ఏ జోడీ కుదిరిందో' అనుకుంది.

మర్నాడు ఆమె కుర్చీ దగ్గరికి పోలేదు. తిన్నగా గోడవారకి వెళ్లింది. వాలీబాలు సంచీ తీసి నేల మీద పెట్టింది, పెట్టింది అంటే మెత్తగా పెట్టలేదు. పీటని కాలితో తోసుకుంటూ తోసుకుంటూ తెచ్చింది, వంగే పని లేకుండా. గడియారం అప్పుడు కింద, లారీలోకి కట్టలు ఎక్కిస్తున్నాడు. పీట వాలీబాలు కాళ్ల పక్కకి వచ్చి ఆగింది. పీటక్క దాని మీదెక్కి చేయి చాపింది.

"ఇలా ఇవ్వు."

వాలీబాలు నిచ్చెన వంక చూసింది. నిచ్చెన పెదాలు కదులుతూనే ఉన్నాయి, కళ్లు మాత్రం పెద్దవయ్యాయి. వాలీబాలు ఏమనుకుందో, దుప్పటి మూలలు రెండూ పీటక్క చేతిలో పెట్టి పక్కకి జరిగింది.

దులుపు. సగం మడత. లాగుడు. దాదాపు ఏడాది తర్వాత ఆ బిగువు అరచేతులకి తగిలేసరికి పీటక్క కళ్లు చెమర్చాయి. నడుం ఏమీ అనలేదు. మళ్లీ సగం మడత. నిచ్చెన పాత అలవాటు ప్రకారం నడిచి వస్తోంది, ఒకటి, రెండు, మూడు, నాలుగడుగులు. ఆ నాలుగడుగుల్లో పీటక్క ఎన్ని మాటలు ఊహించుకుందో. ఎలా ఉన్నావే అంటుందేమో. వచ్చేశావా మరదలా అంటుందేమో. తిడుతుందేమో, తిట్టినా మంచిదే.

చేతులు కలిశాయి. నిచ్చెన నోరు తెరిచింది.

"ముప్పై ఏడు."

"ఏంటీ?"

"మాట్లాడకు. లెక్క పోతుంది." వంగి మడత అందుకుని వెళ్లిపోయింది.

రెండో దుప్పటి. నాలుగడుగులు. చేతులు.

"ముప్పై ఎనిమిది."

"వదినా, నేను..."

"ముప్పై ఎనిమిది, ముప్పై ఎనిమిది" అంటూ నిచ్చెన వెనక్కి నడిచింది, చేతిలో నిండు చెంబు పట్టుకుని నడిచే మనిషిలా.

మూడో దుప్పటికి గానీ పీటక్కకి విషయం తలకెక్కలేదు. ఇన్నేళ్లూ లెక్కపెట్టింది తను. పెట్టినట్టు తనకే తెలియదు. మాట్లాడుతూ, వింటూ, నవ్వుతూ, లోపలెక్కడో ఊపిరి తీసినట్టు లెక్క నడిచిపోయేది, యాభై రాగానే "కట్టేయ్" అనేది. అదొక పని అని ఎప్పుడూ అనుకోలేదు. నిచ్చెనకి అంకెలంటే మొదటినుంచీ బెదురు. బడిలో లెక్కల పంతులు నెత్తిన మొట్టిన మొట్టికాయల కథ ఒక మధ్యాహ్నమంతా చెప్పింది. అలాంటి మనిషి నెత్తిన ఇప్పుడు లెక్క పడింది. ఆ పెదాలు ఆరు వారాలుగా వాలీబాలుకి కబుర్లు చెప్పడం లేదు. పదమూడు, పదమూడు, పద్నాలుగు, పద్నాలుగు అనుకుంటున్నాయి. ఏ రోజైనా ఒక్కసారి ఆ దగ్గరికి వచ్చి నిలబడి ఉంటే తెలిసేది. దూరాన కూర్చుని పెదాలు చదివింది. తనకి చదువు అంతంతమాత్రమే కదా.

నవ్వొచ్చింది పీటక్కకి. నవ్వుతూనే నాలుగో దుప్పటి లాగింది.

నడుంలో ఎవరో తాళంచెవి పెట్టి తిప్పినట్టయింది.

ఆమె అరవలేదు. అరవడానికి ఊపిరి లేదు. నిచ్చెన ఆమె ముఖం చూడకముందే దుప్పటిలోంచి తెలుసుకుంది. ఆ కొసన బిగువు మారింది. ఇంకెవరైనా అయితే దుప్పటి వదిలేసి పరిగెత్తేవారు. నిచ్చెన వదల్లేదు. ఇంకా బిగించి, వెనక్కి వాలి, తాడు పట్టినట్టు పట్టి నిలబడింది. పీటక్క ఆ దుప్పటి పట్టుకునే మెల్లగా, మెల్లగా, నిచ్చెన వదిలినంత మేర కిందికి దిగి పీట మీద కూర్చుంది. దుప్పటి నేలకి తగిలింది. మళ్లీ ఉతుక్కి పోవాల్సిందే.

వాలీబాలు పరిగెత్తి కిటికీ దగ్గర కుర్చీ తెచ్చింది. ఇద్దరూ చంకల కింద చేతులు వేసి ఎక్కించారు. కాసేపటికి ఊపిరి ఆడింది. కాళ్లు కదిలాయి. పెద్ద ప్రమాదమేం కాలేదు, ఒక హెచ్చరిక, అంతే.

"బుద్ధుందా నీకు" అంది నిచ్చెన. గొంతు పెంచలేదు. "ఎవరిని ఉద్ధరించడానికి ఎక్కావు పీట?"

"నీతో మాట్లాడి ఎన్ని నెలలైందో."

"అయితే ఇంటికి రా. మా అత్తని పక్కకి తిప్పుతూ మాట్లాడుకుందాం. ఆదివారాలన్నీ అక్కడే తగలబడుతున్నా. నువ్వు రావు, నాకు కదలడం కుదరదు, మధ్యలో నా మీద అలక."

"నేనెప్పుడు అలిగాను?"

"ఆరువారాల నుంచి కిటికీ దగ్గర కూర్చుని నన్ను చూపులతో కాల్చేస్తున్నావు. రవికెకి చిల్లు పడలేదు గానీ." నిచ్చెన మోకాళ్ల మీద చేతులు పెట్టి వంగి, ఆమె ముఖంలోకి చూసింది. "ఒకటి చెప్తా, కోపం తెచ్చుకోకు. పందొమ్మిదేళ్లు నీ దగ్గరికి నడిచింది నేను. వంగింది నేను. నువ్వు పీట మీద మహారాణిలా నిలబడ్డావు. ఇప్పుడు నా మోకాళ్లు కాస్త తెరిపిన పడ్డాయి. ఈ పిల్ల విసురుతుంటే హాయిగా ఉంది."

పీటక్కకి ఆ మాట నడుం నొప్పి కంటే గట్టిగా తగిలింది. నిచ్చెన మోకాళ్ల సంగతి ఆమె ఎన్నడూ అడగలేదు.

"మీ ఇద్దరూ మాట్లాడుకున్నారుగా" అంది వాలీబాలు మధ్యలోకి వచ్చి. చేతులు నడుముకి ఆనించింది. "ఇక నేను కూడా చెప్పనా? నువ్వు నా మీద ఏడుస్తున్నావని తెలుసక్కా, నా సంచీ చూస్తేనే తెలుస్తోంది. కానీ నేను నీ మీద ఏడుస్తున్నా. వచ్చిన రోజు నుంచి అందరూ చెప్పడమే. నిచ్చెన, పీటా కబుర్లు వినాలి, గుమ్మం కథ వినాలి అని. పదినెలలైంది. ఈవిడ నాతో అన్నవి అంకెలే. ఒకరోజు తలనొప్పిగా ఉంది వదినా అన్నా. ఇరవై ఆరు అంది."

నిచ్చెన సిగ్గుపడింది. "లెక్క పోతుందే మరి."

"అయినా పోతూనే ఉందిగా."

అప్పుడే మెట్ల మీద బూట్ల చప్పుడు. గడియారం. పీటక్క ఇంకా మడతల బల్ల పక్కనే కుర్చీలో ఉంది, పీట దుప్పటి పక్కన పడుంది, ఆమె సంచీలోంచి పచ్చ కాగితం కొస బయటికి వచ్చి కనపడుతోంది. వద్దన్న పని చేసిందని ఒక్క మాట ఆయన చెవిన పడితే, రాయక తప్పదు. రాస్తే భత్యం ఆగుతుంది. ఆ మాట అనడానికి అక్కడ అందరికంటే కారణం ఉన్న మనిషి వాలీబాలే. పీటక్క వస్తే ఆమె ఇంటికి పోవాలి. పీటక్కకి ఆ సంగతి అప్పుడే వెలిగింది. సంచీ మీద చేయి వేసి వాలీబాలు వంక చూసింది.

"ఏంటమ్మా, ఇక్కడ కూర్చున్నారు?" అన్నాడు గడియారం, చేతి గడియారం చూసుకుని.

"మేమే పిలిచాం సార్" అంది వాలీబాలు. "లెక్కపెట్టడానికి."

"లెక్కా?"

"పోయిన వారం పిల్లల వార్డు కట్టలో నలభై ఏడే ఉన్నాయని తిట్టారు కదా మిమ్మల్ని. ఆ ముందువారం యాభై రెండు పంపితే ఎవరూ తిట్టలేదనుకోండి. అక్క లెక్క తప్పదట. కూర్చుని చేసే పనేగా."

గడియారం నిచ్చెన వంక చూశాడు. నిచ్చెన పైకప్పు వంక చూసింది. ఆయన పీటక్క ముఖం కూడా చూశాడు, అది కాస్త పాలిపోయి ఉంది. పక్కకి వెళ్లి భత్యం ఆఫీసావిడకి ఫోను చేశాడు. తిరిగొచ్చి, "కూర్చుని అయితే అభ్యంతరం లేదట. చేతులు ఒళ్లోనే ఉండాలి. ఏదీ ఎత్తకూడదు" అన్నాడు. "గలీబులకి ఇంకెవరినైనా చూస్తా."

"బాబూ" అంది పీటక్క. "నాకింకా పూర్తిగా నయం కాలేదు. ఆ మూడు నెలలూ అయ్యాక డాక్టరు ఏమంటే అది."

"అలాగే కానివ్వండమ్మా. మిమ్మల్ని తొందర పెట్టిందెవరు?"

ఎవరూ పెట్టలేదు. ఆయన అటు తిరగ్గానే పచ్చ కాగితం తీసి నాలుగు మడతలని ఎనిమిది చేసి, ఊగుతున్న కుర్చీ కాలి కింద పెట్టమని వాలీబాలుకి ఇచ్చింది. వాలీబాలు మోకాళ్ల మీద కూర్చుని పెట్టింది. కుర్చీ ఊగడం ఆగింది.

*

మర్నాటి నుంచి పీటక్క మడతల బల్ల పక్కనే, వీపు ఆనించుకుని, ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చుంది. పీట ఇప్పుడు పాదాల కింద ఉంది. దుప్పటి బల్ల మీద పడినప్పుడల్లా లోపల లెక్క దానంతటదే నడిచింది. యాభై కాగానే "కట్టేయ్" అంది. గది మొత్తం ఒకసారి ఇటు తిరిగి చూసింది, ఆ కేక విని ఎన్నాళ్లయిందో.

కానీ ఒక చిక్కు వచ్చింది. అది ఆమె ముందే ఊహించాల్సింది. లెక్క దిగిపోయేసరికి నిచ్చెన నోటికి తీరిక దొరికింది. దొరికిన నోరు ఊరుకుంటుందా. నాలుగో కట్ట పది దాటేసరికి నిచ్చెన రెండడుగులు ముందుకి వేసి వాలీబాలుతో ఏదో అంది. వాలీబాలు దుప్పటి విసరబోయి ఆగిపోయి, తల వెనక్కి వేసి నవ్వింది. గుమ్మం కథ మొదలైంది. పీటక్కకి తెలుసు, ఆ నవ్వు ఎక్కడ వస్తుందో. చెప్పుల దగ్గర.

ఆ కథ తనది. తనే కూర్చుని లెక్కపెట్టి మరీ దాన్ని ఇంకొకరికి అప్పజెప్పింది. పదిహేడు, అనుకుంది పళ్లు బిగించి. పద్దెనిమిది.

వాళ్లు మళ్లీ నవ్వారు. ఈసారి ఇద్దరూ తన వైపు చూసి నవ్వారు.

"ఏంటా నవ్వు?" అంది పీటక్క.

"నీ గురించే" అంది నిచ్చెన.

"ఏమని?"

"తర్వాత దుప్పటికి చెప్తా."

పీటక్క కుర్చీలో ముందుకి జరిగింది. నడుం గుర్తొచ్చి మళ్లీ వెనక్కి ఆనింది. ఆ దుప్పటి దులిపారు, సగానికి మడిచారు, లాగారు. గాలిలో విసిరారు. బల్ల మీద పడింది. నిచ్చెన ఇటు వంగి నోరు తెరిచింది.

"అమ్మా, పదకొండు" అన్నాడు గడియారం.

నిచ్చెన నోరు మూసి, నవ్వి, కళ్లతో రేపు అంది. పీటక్క కుర్చీ చేతులు పట్టుకుని డాక్టరు నేర్పినట్టు నెమ్మదిగా లేచింది. సంచీ తగిలించుకుంది. బతిమాలలేదు. పావుగంట అడగలేదు.

"ఇరవై రెండయ్యాయి" అంది. "ఇక నువ్వే లెక్కపెట్టుకోవాలి వదినా."

నిచ్చెన ముఖం బడిలో బల్లెక్కించిన పిల్లదానిలా అయిపోయింది. దుప్పటి అందుకుంది. పెదాలు కదలడం మొదలుపెట్టాయి. ఎదురుగా వాలీబాలు, చెప్పుల తర్వాత ఏమైందో తెలియక, మూలలు పట్టుకుని ఎదురుచూస్తూ నిలబడింది.

పీటక్క గేటు వైపు నడిచింది. నడుం పీకుతోంది, ఇంటికెళ్లి నిజం చెప్పి మందు రాయించుకోవాలి. తన మీద ఏం చెప్పుకుని నవ్వారోనన్న మంట గుండెల్లో అలాగే ఉంది. అయినా వెనక నుంచి, మోత తగ్గిన క్షణంలో, నిచ్చెన గొంతు వినపడింది. "ఇరవై మూడు, ఇరవై మూడు." రేపు ఎనిమిదింటి దాకా ఆ నోట్లోంచి ఇంకో మాట రాదు, గుమ్మం కథలో పెళ్లి కుదిరిందో లేదో ఆ పిల్లకి తెలియదు. అది తలుచుకుంటే ప్రాణానికి ఎంత హాయిగా ఉందో.